సిపాయి బీరప్ప ఊరు వెతికిన సంగతి

ఎందుకు రాస్తున్నానంటే

మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన ముగ్గురు కుర్రవాళ్ళు పోయిన నెల మా ఇంటికి వచ్చారు. టీ తాగారు, మురుకులు తిన్నారు, "సార్, మీ అనుభవాలు నాలుగు చెప్పండి, మాకు పనికొస్తాయి" అన్నారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టానో లేదో, వాళ్ళలో ఒకడు గడియారం చూసుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "వెళ్ళండి నాయనా, రాసి పంపిస్తాను, తీరిగ్గా చదువుకోండి" అని సాగనంపాను. మా ఆవిడ లోపలి నుంచి, "పిల్లల మీద గూడ గంత కోపమేంది?" అని కేకేసింది. కోపం నాకు పుట్టుకతో వచ్చింది. రిటైరైనప్పుడు దాన్ని ఆఫీసులో అప్పగించి రాలేదు.

నా పేరు వీరేశం. మాది తాండూరు. మా నాన్నకు బజారులో కందుల వ్యాపారం. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు, ఆయన వద్దంటున్నా వినకుండా వికారాబాదులో ఈ ఉద్యోగంలో చేరాను. సైనికుల కుటుంబాల బాగోగులు చూసే కార్యాలయం అది. రెండు గదులు, నాలుగు బీరువాలు, ఒక సైకిలు. సిపాయి చనిపోయినప్పుడు అతని ఇంటివాళ్ళను వెతికి పట్టుకోవడం, ఫలానా మనిషి ఫలానా తల్లి కొడుకేనని రుజువు చేయడం నా పని.

"కొట్టు మీద కూసుంటె ఊరంత నీ దగ్గరికొస్తది. గీ నౌకరిల నువ్వే ఊరూరు తిరగాలె. ఏం తెలివిరా నీది!" అన్నాడు మా నాన్న. నిజమే, కాళ్ళు అరిగేలా తిరిగాను. ప్రమోషన్ల సంగతి, ఫారాలు నింపే సంగతి మీకు పైవాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనివే నేను రాస్తాను.

బతికున్న మనిషిని చంపాను

నేను చేరినప్పుడు మా పైఅధికారి ఖాన్ సాబ్. నిజాం ఫౌజులో గుర్రపు దళంలో పనిచేసి వచ్చిన మనిషి. కుడికాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. ఆయన తిట్టేటప్పుడు గొంతు తగ్గేది. మెల్లగా మాట్లాడుతున్నాడంటే మనకు మూడిందన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పోయి తిరిగిరాని కొందరి కాగితాలు అప్పటికింకా తేలలేదు. అన్నీ ఉర్దూలో ఉండేవి. నేను ఉర్దూలో చదువుకున్నవాణ్ణి కాబట్టి కాస్త పొగరు. ఒక కాగితంలో సిపాయి రాములు, తండ్రి నర్సయ్య, దౌల్తాబాద్ పక్కన ఒక పల్లె అని ఉంది. వెళ్ళాను. నర్సయ్య కొడుకు రాములు ఇల్లు ఏదంటే చూపించారు. ఫౌజుకు పోయాడా అంటే "పోయిండు, ఎన్నడో పోయిండు" అన్నారు. ఇంకేం కావాలి? గడపలో నిలబడి కాగితం చదివేశాను. మీ రాములు యుద్ధంలో చనిపోయాడని చెప్పాను. అతని భార్య అక్కడికక్కడే గడపకేసి చేతులు కొట్టుకుని గాజులు పగలగొట్టుకుంది. నేను తలవంచుకుని కాసేపు నిలబడి, వికారాబాదు వచ్చి, ఏళ్ళ తరబడి తేలని ఫైలు ఒక్కరోజులో తేల్చానని నలుగురికీ చెప్పుకున్నాను.

పదిహేను రోజులకు రాములు మా ఆఫీసుకు నడిచి వచ్చాడు. ఫౌజు నుంచి ఎప్పుడో విడుదలై, ఇంటికి కబురు పెట్టకుండా షాబాదు దిక్కు రాళ్ళ గనుల్లో పనిచేసుకుంటున్నాడట. ఆ పల్లెలోనే ఇంకో నర్సయ్యకు ఇంకో రాములు ఉన్నాడు. చనిపోయింది అతను. వీడి వెనకాల వీడి భార్య నిలబడి ఉంది. ఆమె ముందుకు వచ్చి బోడి చేతులు రెండూ నా బల్ల మీద పెట్టింది.

"నా మొగడు బతికే ఉండె. నువ్వొచ్చి సంపినవ్. ఇగ గాజులు గూడ నువ్వే తొడుగు సారూ" అంది.

రాములు మాత్రం నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు. "నా దినం బువ్వ నేనే తిందమంటె అందలేదు సారూ. జర లేటైంది" అన్నాడు.

ఖాన్ సాబ్ వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి టీ తెప్పించాడు. వాళ్ళు వెళ్ళాక నా వైపు తిరిగి, మెల్లగా, చాలా మెల్లగా అన్నాడు: "రేపు పొద్దుగాల గాజులామెను ఎంబడి తీస్కొని గా ఊరికి పో. గీ కుర్చిల కూసోని మాఫీ అడిగితె అది మాఫీ కాదు బేటా. ఏ గడపల తప్పు చేసినవో గా గడపలనే అడగాలె."

వెళ్ళాను. ఊరంతా చేరింది. గాజులామె గాజులు తొడుగుతుంటే ముసలమ్మలు నన్ను కడిగిపారేశారు. ఒకామె, "గీ పిలగాన్ని మన ఊర్లెకు రానియ్యకుండ్రి, ఇంకెవల్ని సంపుతడో" అంది. నా జీవితంలో అంత సిగ్గుపడిన రోజు లేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

తిరిగొచ్చాక ఖాన్ సాబ్ చెప్పిన మాట నా ఉద్యోగానికంతా సరిపోయింది. "సచ్చినోని గురించి అడగకు. బతికినోని గురించి అడుగు. ఎట్లుండె, ఏం తినేటోడు, ఎవనితోని కొట్లాడిండు, ఎందుకు పోయిండు, గది అడుగు. మనిషి తానే దొరుకుతడు. ఇంకోటి, అతని సామాను సంచిల నుంచి తియ్యకు. ఇంటోళ్ళు ముందు చెప్పాలె, తర్వాత నువ్వు తియ్యాలె. ఆఖరిది, ఎవ్వలికీ మాట ఇయ్యకు."

మొదటి రెండూ ఉద్యోగమంతా పాటించాను. మూడోది ఒకసారి తప్పాను. ఆ ఒక్కసారి కథే ఇది.

మూసేయమన్న ఫైలు

అరవై ఐదు యుద్ధం నాటికి ఖాన్ సాబ్ లేడు. ఆయన కుర్చీలోకి కోస్తా నుంచి ఒక యువకుడు వచ్చాడు. పేరు రాయను. నాకంటే పదేళ్ళు చిన్న. చొక్కా మడత నలగనిచ్చేవాడు కాదు, బల్ల మీద ఫైలు పెరగనిచ్చేవాడు కాదు. మొదట్లో నాకు ఆయన మీద గౌరవం లేదు. ఆ విషయంలో తప్పు నాదే, ఎందుకో ముందుముందు చెబుతాను.

ఆ చలికాలం ఒక ఫైలు వచ్చింది. సిపాయి బీరప్ప, తండ్రి సాయన్న, ఊరు బొంరాస్‌పేట. వయసు సుమారు ఇరవై ఒకటి. చైనా యుద్ధం తరువాత తాండూరులో ఫౌజుకు మనుషులను తీసుకున్నప్పుడు చేరాడు. పంజాబు సరిహద్దు పోరులో మరణించాడు. బొంరాస్‌పేటకు టెలిగ్రాం ఇస్తే అలాంటి వాళ్ళెవరూ లేరని వెనక్కి వచ్చింది. ఫైలుతో పాటు ఒక గుడ్డసంచిలో అతని సామాను వచ్చింది: నల్లగొంగడి, చెక్క దువ్వెన, చిన్న చాకు.

"వీరేశం గారూ, నెలలు గడిచిపోయాయండీ. వారసులు దొరకలేదని రాసి మూసేద్దాం. ఇంకా బోలెడు ఫైళ్ళున్నాయి" అన్నాడు మా అధికారి.

"ఎక్కడో ఒక తల్లి వీడి కోసం చూస్తూ ఉంటుంది సార్."

"ఉంటే ఆవిడే వస్తుంది కదండీ?"

"ఆవిడకు మనమున్నామని ఎవరు చెప్పారు సార్? దండోరా వేశామా?"

గొంతు పెంచాను. ఆయన ముఖం ఎర్రబడింది. అయినా ఈ నెలాఖరు దాకా చూడండి, తరువాత నేను సంతకం పెట్టేస్తాను అన్నాడు. నేను గొంగడి సంచిని సైకిలుకు కట్టుకుని, సైకిలును రైలెక్కించి తాండూరులో దిగాను. అక్కడి నుంచి బొంరాస్‌పేట పోయాను.

ఇల్లు వెతకడమే నా పొరపాటు

బొంరాస్‌పేటలో ముందు టపా మనిషిని పట్టుకున్నాను. అతను పేరు వినగానే తల ఊపాడు. "గీ సాయన్న పేరు మీద కార్డులు మూడు నాలుగు వచ్చినయి సారూ. ఫౌజు నుంచి. ఊరంత అడిగిన, మావి అన్నోళ్ళు లేరు. వాపస్ పంపిన" అన్నాడు.

అంటే ఆ పిల్లవాడు ఎవరితోనో రాయించి ఇంటికి కార్డులు వేస్తూనే ఉన్నాడు. ఒక్కటీ ఇంటికి చేరలేదు. తల్లికి అతను బతికున్నప్పటి కబురే అందలేదు, ఇక చావు కబురు ఎవరు చెబుతారు?

మూడు రోజులు పట్వారీతో కూర్చుని ఇళ్ళ లెక్క అంతా తిరగేశాను. గడప గడపకూ తిరిగాను. సాయన్నలు ఇద్దరు దొరికారు. ఒకాయనకు కొడుకులే లేరు, ఇంకొకాయన కొడుకులు ఎదురుగానే కూర్చుని ఉన్నారు. దౌల్తాబాద్ గాజులు గుర్తుండి, ఎవరికీ చావు మాట చెప్పలేదు. మూడో రోజు మధ్యాహ్నం విసిగిపోయి ఒక చేను గట్టున సైకిలు ఆపుకుని కూర్చున్నాను. ఆ చేను ఆసామి, అంజిలప్ప అనే ముసలాయన, వచ్చి సైకిలు చుట్టూ తిరిగాడు. సంచిలోంచి బయటికి వచ్చిన గొంగడి కొసను వేళ్ళతో నలిపి చూశాడు.

"గిది మందలోళ్ళ గొంగడి గద. నీకెట్ల దొరికె?"

"ఏ మందలోళ్ళు?"

"ఎండకాలం గొర్ల మందలు తోలుకొనొస్తరు సారూ. చేన్ల మందను నిలిపితె ఎరువైతది, మేం జొన్నలిస్తం. మూడేండ్ల కింద నా చేన్లనే నెల దినాలు ఉండె, సాయన్న మంద. సాయన్న సచ్చి మస్తు రోజులాయె, పేరు మాత్రం మందకు ఉండిపోయె."

నేను లేచి నిలబడ్డాను. "వాళ్ళ ఊరేది పెద్దాయనా?"

"నాకేమెర్క? ఏ ఊరు మీదంటె గిదే మా ఊరంటరు. మంద యాడుంటె గదే వాళ్ళ ఊరు. ఇల్లు ఎన్నడన్న పోయి సూసొచ్చేటిది."

నెత్తి కొట్టుకున్నాను. ఫౌజువాళ్ళు "నీ ఊరేది, ఉత్తరాలు ఎక్కడికి పంపాలి?" అని అడిగి ఉంటారు. ఆ నెల మంద బొంరాస్‌పేటలో ఉంది. తన వాళ్ళు మందతో ఉన్నారు. పిల్లవాడు ఉన్నదే చెప్పాడు. తండ్రి పోయినా మందకు గుర్తు ఆ పేరే కాబట్టి కార్డుల మీద కూడా సాయన్న పేరే రాయించాడు. వాడి లెక్కలో అబద్ధం లేదు. మంద కదిలిపోతుంది కదా, అప్పుడు కార్డు ఎవరికి చేరుతుంది అన్న ఆలోచన వాడికి రాలేదు, రాసుకున్నవాడికీ రాలేదు. నేనేమో కదిలే మనుషుల కోసం మూడు రోజులు గోడలు, గడపలు వెతికాను. తెలివైన పని!

తాండూరు తిరిగొచ్చి, గొంగళ్ళు నేసే ఒక ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన గొంగడి అంచు మీద బొటనవేలు నడిపించి, "పోగులు మూడేసి కలిపి ముడేసిండ్రు. మా దిక్కు రెండే. గిది బషీరాబాద్ అవతల, కన్నడం మాట్లాడేటోళ్ళ దిక్కు పని" అన్నాడు. ఆ నాలుగు రోజుల్లో నేను నవ్వింది అప్పుడే. ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను.

బషీరాబాద్ దాటి రెండు పల్లెలు తిరిగాను. సగం మాటలు తెలుగులో, సగం కన్నడంలో దారి చెప్పారు. మూడో పల్లెలో "సాయన్న మందనా? ఈడిదే" అన్నారు. ఆ పల్లె పేరు రాయను. ఈ కథలో వచ్చే పెద్దమనుషుల మనవలు ఇంకా అక్కడే ఉన్నారు.

బాలమ్మ అడిగిన మాట

మగవాళ్ళంతా మంద వెంట పోయారు. వీధిలో ఆడవాళ్ళు ఉన్ని వడుకుతున్నారు. బీరప్ప ఇల్లేదని అడిగితే అందరి ముఖాలూ బిగుసుకున్నాయి. ఒకామె, "గాని పేరెత్తకు సారూ. మందను ఇడిసి పారిపోయినోడు" అని, కొసన విడిగా ఉన్న ఇంటి వైపు చెయ్యి ఊపింది.

ఆ ఇంటి ముందు ఒక్కతే కూర్చుని ఉన్ని వడుకుతున్న మనిషి బాలమ్మ. సాయన్న భార్య, బీరప్ప తల్లి. నేను నేల మీదే కూర్చున్నాను. "అమ్మా, నీ కొడుకు ఎట్లాంటివాడు?" అని అడిగాను. మూడేళ్ళుగా ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. కదురు పక్కన పెట్టి గంటసేపు చెప్పింది. అంబలిలో ఉల్లిగడ్డ లేకపోతే తినడట. చిన్నప్పుడు కుంటి గొర్రెపిల్లను వారం రోజులు మెడ మీద మోశాడట. కోపం వస్తే మాట్లాడకుండా పోయి గొర్రెల మధ్య పడుకునేవాడట. ఆమె చెబుతుంటే ఒక్కోసారి నవ్వింది కూడా.

"పోయేటప్పుడు వాడి మీద ఏముంది?"

"గొంగడి. నేనే కుట్టిన. ఒక మూలకు ఎర్రపోగుతోని అయిదు కుట్లేసిన, మావాడిది గుర్తుండాలెనని. అయిదోది తొందరల వంకర పోయింది."

అప్పుడు సంచి విప్పాను. ఆమె గొంగడిని చూడలేదు, మూల వెతికింది. వేలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెట్టి, వంకర పోయిన అయిదో కుట్టు మీద ఆగింది. నేను చెప్పాల్సిన మాట చెప్పాను. ఆమె గొంగడిలో మొహం పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఉద్యోగస్తుడు ఏడవకూడదని ఎవరైనా చెబితే నమ్మకండి.

చాలాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుని నా వైపు చూసింది. "సచ్చిండంటివి. సరే, దేవుడు తీస్కపోయిండు. పారిపోలేదని చెప్తవా సారూ? మా పెద్దమనుషుల ముంగట చెప్తవా?"

అప్పుడు అసలు సంగతి తెలిసింది. సాయన్న పోయాక మందను చూసేది అతని తమ్ముడు ఈరప్ప. బొంరాస్‌పేటలో ఉన్న ఆ నెలలో ఒకనాడు పొద్దున బీరప్ప గొర్రెలకు ఉప్పు తేవడానికి తాండూరు సంతకు బయలుదేరాడు. ఆ మధ్యాహ్నం మంద మీద తోడేళ్ళు పడి పదకొండు గొర్రెలను చంపాయి. బీరప్ప మళ్ళీ రాలేదు. ఆ తాండూరులోనే ఫౌజులో చేరిపోయాడని వాళ్ళెవరికీ తెలియదు. ఈ మందలవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. కాపలా మారేటప్పుడు పోయేవాడు తన కర్రను వచ్చేవాడి చేతిలో పెట్టాలి. కర్ర చేతికి వస్తే మంద చేతికి వచ్చినట్టు. కర్ర ఇవ్వకుండా పోయినవాడు మందను వదిలినవాడు. వాళ్ళలో దాన్ని మించిన తప్పు లేదు. బీరప్ప తనకు కర్ర ఇవ్వలేదని ఈరప్ప కులపెద్దలకు చెప్పాడు. పెద్దలు బాలమ్మ ఇంటిని పక్కకు పెట్టారు. వాళ్ళ కులదైవం పేరూ బీరప్పే; ఆ బీరప్ప దేవుడి పండగకు ప్రతి ఇంటి నుంచీ గుడికి నైవేద్యం కుండ పోతుంది. మూడేళ్ళుగా ఆమె కుండను వెనక్కి పంపేశారు.

"నా కొడ్కు కట్టె ఇయ్యకుండ పోడు సారూ. వాడు సచ్చినా ఆ మాట ఆన్ని ఇడుస్తలేదు" అంది.

నా దగ్గరున్న కాగితంలో మరణించాడు అన్న ఒక్క మాటే ఉంది. ఎలా మరణించాడో నాకే తెలియదు. అయినా, "చెప్తానమ్మా" అన్నాను. మాట ఇచ్చేశాను.

మా అధికారి పెన్సిలు గీత

వికారాబాదు వచ్చి అంతా చెప్పాను. మళ్ళీ పోట్లాటకు సిద్ధమై చెప్పాను. మా అధికారి చేతిలోని పెన్సిలు పక్కన పెట్టాడు. తరువాత, "ఆ కర్ర సంగతి మళ్ళీ చెప్పండీ" అన్నాడు. చెప్పాను. ఫైలు మూసే మాట ఎత్తకుండా తెల్లకాగితం తీసి, బీరప్ప ఎలా చనిపోయాడో పూర్తిగా రాయమని అతని పటాలానికి తానే ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. మళ్ళీ రాశాడు. మూడోసారి రాస్తూ, "ఒక తల్లి గౌరవం మీ జవాబు మీద ఆధారపడి ఉంది" అని చేర్చాడు. ఫైళ్ళు మూయడమే తెలిసిన మనిషనుకున్నాను ఆయన్ను. మనుషుల గురించి నా అంచనాలు ఎన్నిసార్లు తప్పాయో లెక్కలేదు.

తొలకరి పడుతున్న రోజుల్లో జవాబు వచ్చింది. బీరప్ప దళానికి నాయకుడైన అధికారి స్వయంగా రెండు పేజీలు రాశాడు. నేను చదివి ఉప్పొంగిపోయాను. మా వాడు వీరుడు! అదే గంటలో సైకిలు తీయబోయాను. మా అధికారి ఆపి, ఉత్తరంలో ఒక వాక్యం కింద పెన్సిలుతో గీత గీశాడు. "అన్నిటికంటే ఇది ముఖ్యమండీ. ఇది మెల్లగా చదవండి" అన్నాడు. చూశాను. పదిహేడేళ్ళ అనుభవం ఉన్న నేను ఆ వాక్యాన్ని గబగబా దాటేశాను.

"నేనూ వస్తానండీ" అన్నాడాయన.

పండగ నాడు

మందలు ఇంటికి తిరిగొచ్చాయి. బీరప్ప దేవుడి పండగ రోజు మేమిద్దరం ఆ పల్లెకు చేరాం. మా అధికారి తెల్లచొక్కా నిండా బురద. గుడి ముందు గొంగడి పరిచి కులపెద్దలు కూర్చున్నారు. డోళ్ళవాళ్ళు డోళ్ళు బిగించుకుంటున్నారు. ఇళ్ళలోంచి నైవేద్యం కుండలు వస్తున్నాయి. బాలమ్మ కూడా ఆ ఏడు మళ్ళీ కుండ వండింది. దాన్ని పట్టుకుని అందరికీ దూరంగా, కొసన నిలబడింది.

పెద్దలలో అందరికంటే ముసలాయన, "సర్కారు కాగితమంటె ఇంటం. గని మా తీర్పు మాది" అన్నాడు. సరేనన్నాను. ఈరప్ప వాళ్ళ మధ్యే, తలపాగా చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఊరంతా చుట్టూ చేరింది. నేను ఉత్తరాన్ని వాళ్ళ మాటల్లోకి మార్చి చెప్పడం మొదలుపెట్టాను.

బీరప్ప దళం ఒక గట్టు మీద ఉంది. శత్రువు గుండ్లు ఎక్కువై వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చింది. నడవగలిగినవాళ్ళు కందకంలోకి దిగారు. గాయపడిన ముగ్గురు గట్టు మీదే ఉండిపోయారు. వాళ్ళ కోసం బీరప్ప లేచాడు, అప్పుడు అతని దగ్గర దళం మెషిన్‌గన్ ఉంది. అక్కడ ఆగి, గీత గీసిన వాక్యం మెల్లగా చెప్పాను.

"అతను ఊరికే లేచి పోలేదు. గన్నును పక్కనున్న సిపాయి చేతుల్లో పెట్టాడు. ఆ సిపాయి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడని చూసుకున్నాకే అక్కడి నుంచి కదిలాడు. మళ్ళీ పోయిన ప్రతిసారీ అలాగే చేశాడు. ఇలా ఎందుకు చేసేవాడో మాకెవరికీ తెలియదు."

గుంపులో గుసగుసలు లేచాయి. తెలియనిది ఆ అధికారికే. అక్కడున్న పసిపిల్లలకు కూడా తెలుసు. ముసలాయన తల తిప్పి ఈరప్ప వైపు చూశాడు. ఒక్కొక్కరే అందరూ అటే చూశారు.

నేను ఆగకుండా చెప్పుకుపోయాను. మొదటివాణ్ణి మెడ మీద వేసుకుని, చేతులూ కాళ్ళూ ముందు నుంచి పట్టుకుని తెచ్చాడు. అలా మోయడం ఫౌజులో నేర్పింది కాదని రాశాడు ఆ అధికారి. గుంపులో ఎవరో "గొర్రెను మోసినట్టు" అన్నారు. రెండోవాణ్ణీ అలాగే తెచ్చాడు. వాళ్ళిద్దరూ బతికారు, ఈ రోజుకూ ఉన్నారు. మూడోవాడి కోసం పోయాడు. అతని దగ్గరికి చేరాడు, ఎత్తుకున్నాడు కూడా. తిరిగి వస్తుండగా గుండు తగిలింది.

ఉత్తరం అయిపోయింది. నేను చెప్పాల్సింది ఇంకేమీ లేదు. ఇది చాలకపోతే నేనిచ్చిన మాట గాలికి పోయినట్టే.

ఈరప్ప లేచాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కట్టె నా చేతికే ఇచ్చిండు" అన్నాడు. "పట్టుకున్నవా చిన్నాయినా, పోతున్న, అని రెండుసార్లడిగిండు. పట్టుకున్నరా, పో, అన్న. ఎండకు నీడల ఒరిగిన, కన్నంటుకపోయింది. తోడేళ్ళు పడ్డది నా కాపలల. పిలగాడు రాలేదు, ఇంక రాడనుకున్న. ఆని మీద ఏసిన." అని బాలమ్మ వైపు తిరిగాడు. "వదినె, ఆడు మందను ఇడువలే. ఇడిసింది నేను."

బాలమ్మ కుండ పట్టుకునే నిలబడి ఉంది. "మూడేండ్లు ఈరప్పా" అంది. "మూడేండ్లు నా మొగం సూస్తనే ఉంటివి గదరా." అంతకంటే తిట్టలేదు. ఆమె స్థానంలో నేనుంటే ఆ తలపాగాతోనే వాణ్ణి బాదేవాణ్ణి.

ముసలాయన లేచి గొంగడి మీది నుంచి పక్కకు జరిగాడు. ఈరప్పను కూడా గొంగడి దిగమన్నాడు. తరువాత గుంపును చీల్చుకుంటూ బాలమ్మ దగ్గరికి తానే నడిచి వెళ్ళి, అందరూ వినేలా అన్నాడు: "తప్పు మాది బిడ్డా. పోరని మాట ఇనకుండ తీర్పు చెప్పినం. గీ ఏడు నీ కుండ ముంగట నడువాలె. నీ ఎనకనే ఊరు. ఏమంటరు?"

"గంతే, గంతే!" అని ఊరంతా అరిచింది. డోళ్ళు ఒక్కసారిగా మోగాయి. నా పక్కన మా అధికారి చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొడుతున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. పైఅధికారి అన్న సంగతి ఇద్దరమూ మరిచిపోయాం.

బాలమ్మ ముందు నడిచింది. అప్పటిదాకా ఆమె నుంచి మొహం తిప్పుకున్న ఆడవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చి, తమ కుండలు ఎత్తుకుని ఆమె వెనక నడిచారు. ఈరప్ప అందరికంటే చివర, తలపాగా లేకుండా వచ్చాడు. మేమిద్దరం కూడా డోళ్ళ వెంట, బురదలో, గుడి దాకా పోయాం.

గుడి గడప దగ్గర పూజారి ప్రతి ఇంటి కుండకూ ముందు పేరు అడుగుతాడు. ఆ ఇంటి మగవాడి పేరు చెప్పాలి, అప్పుడే కుండ లోపలికి పోతుంది.

"ఎవలింటిది?" అని గట్టిగా అడిగాడు.

బాలమ్మ కుండను తలెత్తు దాకా ఎత్తింది. "సిపాయి బీరప్ప ఇంటిది!" అంది. పూజారి కుండ అందుకోబోతే ఇవ్వలేదు. వెనక్కి తిరిగి, ఊరి వైపు చూసి, రెండోసారి అంది, మూడోసారి అంది. డోళ్ళు మోగుతూనే ఉన్నాయి, అయినా ఆ పేరు అందరికీ వినబడింది.